సర్వర్ లోపలి తీర్పరులు

1824లో గెయోర్గ్ ఫాన్ రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి బెర్లిన్‌లో తన పై అధికారుల ముందు ఒక ఆట పరిచాడు. బల్ల మీద 1:8000 కొలతలో గీసిన పటం, దాని మీద ఎర్ర దళాలు, నీలి దళాలు. ఒక్కో ఎత్తు యుద్ధభూమిలో రెండు నిమిషాలకు సమానం. తుపాకులు పేలితే ఎంతమంది పడతారో పాచికలూ పట్టికలూ కలిసి తేలుస్తాయి. ఇంతవరకూ చదరంగానికి దూరపు చుట్టమే. కొత్తదనమంతా మూడో మనిషిలో ఉంది. ఆడే సేనానులు తమకు తోచినట్టు పావులు కదపరు. ఆజ్ఞలు కాగితం మీద రాసి ఆ మూడో మనిషికి ఇస్తారు. కొండ చాటున నక్కిన శత్రుదళం నీ కంట పడాలా వద్దా, నువ్వు పంపిన కబురు ముందువరుసకు ఎంతసేపటికి చేరుతుంది, ఇవన్నీ చూసుకునేది అతనే.

ఆ తరవాత యాభై ఏళ్లలో నియమాల పుస్తకం లావెక్కింది. దాన్ని కంఠస్థం చేయలేక అధికారులు ఆటకే దూరమవుతుంటే, 1876లో యూలియస్ ఫాన్ వెర్డీ దు వెర్న్వా అనే మరో ప్రష్యా అధికారి ఒక మాటన్నాడు: పాచికలూ పట్టికలూ పక్కన పెట్టండి, యుద్ధం ఎరిగిన వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి అతని మాటే చెల్లనివ్వండి. అప్పటినుంచి ఆటలో తీర్పుకు రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకదాంట్లో తీర్పు చెప్పేది నియమం, రెండోదాంట్లో మనిషి.

రెండో దారి అట్లాంటిక్ దాటింది. 1880లో అమెరికాలో చార్లెస్ టాటెన్ 'స్ట్రాటెగోస్' అనే యుద్ధక్రీడా గ్రంథం అచ్చువేశాడు. దాదాపు తొంభై ఏళ్ల తరవాత మినెసోటా విద్యార్థి డేవిడ్ వెస్లీకి ఆ పుస్తకం దొరికింది. ఆటగాడు ఏం చేస్తానన్నా సరే, దాని ఫలితం రిఫరీ తేల్చవచ్చన్న సూత్రం అతన్ని పట్టుకుంది. 1969లో అతను నడిపిన ఆటలో ఆటగాళ్లు సైన్యాలను వదిలేసి ఒక్కో మనిషి వేషం వేసుకున్నారు. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ దాన్ని నేలమాళిగలూ రాక్షసులూ ఉన్న లోకానికి తీసుకుపోయాడు. గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో అమ్మకానికి పెట్టాడు. అందులో బల్లకు ఒక చివర కూర్చునే డంజన్ మాస్టరే ఇవాళ్టి గేమ్ మాస్టర్లకు మూలపురుషుడు.

ఆ మనిషి చేసే పనిని విడదీసి చూస్తే మూడు పాళ్లు కనిపిస్తాయి. ఎదురుగా ఏముందో చెప్పడం మొదటిది. కత్తి తగిలిందా, ఎంత గాయమైంది అని లెక్క కట్టడం రెండోది. నియమం రాసినవాడు ఊహించని పని ఆటగాడు చేసినప్పుడు, లేదా ఇద్దరి మధ్య పేచీ వచ్చినప్పుడు, ఏది సబబో తేల్చడం మూడోది. మొదటి రెండూ కంప్యూటర్ మనకంటే బాగా చేస్తుంది, విసుగూ విరామం లేకుండా చేస్తుంది. గేమ్ మాస్టర్ చరిత్రంతా ఆ మూడో పని చుట్టూ తిరుగుతుంది. దాన్ని యంత్రానికి ఇద్దామని ఒకసారి, ఆటగాళ్లకే వదిలేద్దామని ఒకసారి, చవకగా చేయిద్దామని మరోసారి చూశారు. ప్రతిసారీ అది ఎక్కడో ఒక చోట మనిషి ముందుకే వచ్చి పడింది.

ఎసెక్స్ మాంత్రికులు

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, ఒకే ఊహాలోకంలోకి పలువురు ఒకేసారి అడుగుపెట్టగల ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. పేరు మడ్. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. తరవాత దాన్ని రిచర్డ్ బార్టిల్ అందుకుని పూర్తిచేశాడు. వర్ణనా లెక్కా రెండూ యంత్రానివే కనుక బల్ల చివర కూర్చునే మనిషి అవసరం తీరిపోయినట్టే అనిపించాలి. తీరలేదు. ఆటలో 1,02,400 పాయింట్లు కూడబెట్టినవాణ్ణి మడ్ మాంత్రికుణ్ణి చేసేది. ఇక అతనికి చావు లేదు. కంటికి కనబడకుండా తిరగవచ్చు, పక్కవాడి తెరమీద ఏం నడుస్తోందో చాటుగా చూడవచ్చు. 'ఫింగర్ ఆఫ్ డెత్' అనే ఒక్క ఆజ్ఞతో ఎవరినైనా అక్కడికక్కడే చంపవచ్చు. అల్లరి పెట్టేవాళ్లను అదుపులో పెట్టే బాధ్యత కూడా వీళ్ల మీదే పడింది.

ఈ పద్ధతిలో తర్కం ఉంది. అన్నాళ్లు ఆడి నెగ్గినవాడికి ఆ లోకపు మర్యాదలు తెలియకుండా ఉండవు. కానీ డ్రాగన్‌ను చంపే నేర్పు ఉన్నవాడికి పంచాయితీ తీర్చే ఓర్పు కూడా ఉండాలని ఎక్కడా లేదు. గెలిచినవాడికి గద్దె ఇచ్చే ఏ వ్యవస్థలోనైనా ఉన్న చిక్కే ఇది.

ఇలాంటి మాంత్రికుల వల్ల శాస్త్రానికి మాత్రం ఒక మేలు జరిగింది. 1989 నవంబర్ నుంచి 1990 మే దాకా, జనం మడ్ నుంచి అసలు ఏం కోరుకుంటున్నారు అన్న ప్రశ్న మీద వాళ్ల మధ్య సుదీర్ఘమైన వాదన నడిచింది. బార్టిల్ ఆ వాదనను వడగట్టి, ఆటగాళ్లు నాలుగు రకాలని 1996లో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు: సాధించాలనుకునేవాళ్లు, వెతికి చూడాలనుకునేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, పక్కవాళ్ల మీద పడేవాళ్లు. ఆటల రూపకల్పన గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఈ వర్గీకరణ దగ్గర ఆగి వెళ్లాల్సిందే. అది ప్రయోగశాలలో పుట్టినది కాదు. కనబడకుండా తిరుగుతూ జనాన్ని గమనించిన తీర్పరుల కాలక్షేపంలోంచి పుట్టింది.

మృత్యువు తుపాకి

1980ల నడుమ లూకాస్‌ఫిల్మ్ సంస్థ కమోడోర్ 64 కంప్యూటర్ల కోసం 'హ్యాబిటాట్' అనే బొమ్మల లోకాన్ని కట్టింది. దాని సృష్టికర్తలు చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ 1990లో తమ అనుభవాలను ఒక వ్యాసంగా రాశారు. ఈ రంగంలో అంత నిజాయితీగల పత్రం నేను మరొకటి చదవలేదు. వారాల తరబడి శ్రమించి ఒక నిధి వేట తయారుచేశారట. రోజుల తరబడి సాగుతుందనుకున్నారు. ఒక ఆటగాడు సుమారు ఎనిమిది గంటల్లో ఛేదించి పారేశాడు. మిగిలినవాళ్లలో చాలామంది అప్పటికి ఇంకా ఓనమాలు దిద్దుతున్నారు. ఇంకోసారి ఒక యంత్రంలో అమ్మే సరుకు ధర కంటే మరో యంత్రం కొనే ధర ఎక్కువగా ఉండిపోయింది. కొందరు రాత్రికి రాత్రి కొని అమ్మి, అమ్మి కొని, తెల్లారేసరికి ఆ లోకంలో చలామణిలో ఉన్న డబ్బును ఐదింతలు చేశారు.

అన్నిటికంటే పనికొచ్చేది తుపాకి కథ. నిర్వాహకుల్లో ఒకరు మృత్యువు వేషం వేసుకుని తిరిగేవారు. ఆయన చేతిలో ఒక్క దెబ్బకు చంపే ప్రత్యేకమైన తుపాకి ఉండేది. ఒకరోజు ఏమరపాటులో మృత్యువే చచ్చిపోయింది. తుపాకి ఒక ఆటగాడి చేతిలో పడింది. అది నీ దగ్గర ఉండాల్సింది కాదు, తిరిగి ఇవ్వకపోతే నీ ఖాతా ఆపేస్తామన్నాడు నిర్వాహకుడు. ఆటగాడికి ఒళ్లు మండింది. న్యాయంగా గెలుచుకున్నాను కదా! చివరికి పెద్దవాళ్లు కల్పించుకుని దారి వెతికారు. ఆ లోకపు డబ్బు పదివేల టోకెన్లు చెల్లించి, నలుగురి ఎదుట, ఆటలో భాగంగానే ఆ తుపాకిని తిరిగి కొనుక్కున్నారు.

నిర్వాహకుడు తలచుకుంటే డేటాబేస్‌లో ఒక వరస మార్చి ఆ తుపాకిని మాయం చేయగలడు, క్షణం పని. అలా చేస్తే సాంకేతికంగా తప్పేమీ లేదు కూడా. కానీ ఈ లోకంలో సంపాదించుకున్నది ఎప్పుడైనా గాలిలో కలిసిపోవచ్చన్న సంగతి చూసినవాళ్లందరికీ తెలిసిపోయేది. అధికారం ఉన్నవాడు ఆ అధికారం వాడకుండా బేరానికి దిగడమే అక్కడ తీర్పు.

చేతులు కడుక్కోబోయిన పాలకుడు

కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ 1990లో 'లాంబ్డామూ' అనే అక్షరలోకాన్ని నడపడం మొదలుపెట్టాడు. ఇక్కడ చంపాల్సిన డ్రాగన్లు లేవు. వచ్చినవాళ్లే గదులు కట్టుకుంటారు, వస్తువులు తయారుచేసుకుంటారు, వాటికి ప్రోగ్రాములు రాస్తారు. కర్టిస్ లోపల హాకన్ అనే పేరుతో మహామాంత్రికుడు. ఆయన కింద కొద్దిమంది మాంత్రికులు. జనం పెరిగేకొద్దీ తగవులూ పెరిగాయి. వాడు నన్ను తిట్టాడు, వీడు నా గదిలోకి వచ్చాడు అని రోజంతా ఫిర్యాదులే. 1992 డిసెంబర్‌లో హాకన్ విసిగి ఒక ప్రకటన చేశాడు. ఇకమీదట మాంత్రికులు యంత్రం నడిచే పనులు మాత్రమే చూసుకుంటారు, మనుషుల మధ్య తగవుల్లో వేలు పెట్టరు, మీరు పెద్దవాళ్లయ్యారు, మీ సంగతులు మీరే చూసుకోండి అన్నది దాని సారం.

వినడానికి ముచ్చటైన ప్రజాస్వామ్యం. నాలుగు నెలలు తిరగలేదు. 1993 మార్చిలో మిస్టర్ బంగిల్ అనే పేరుతో తిరిగే ఒక పాత్ర, ఇతరులు చేయని పనులు వాళ్లే చేస్తున్నట్టు తెరమీద చూపించే ఒక ప్రోగ్రామ్‌ను వాడి, నిండు సభలో మరికొందరి పాత్రలను లైంగికంగా హింసించింది. అక్షరాలే కదా అని తీసిపారేయవచ్చు. ఆ పాత్రల వెనక ఉన్న మనుషులు అలా అనుకోలేకపోయారు. రెండుమూడు రోజుల తరవాత జనమంతా ఒక గదిలో పోగై గంటల తరబడి వాదించుకున్నారు. వాణ్ణి వెళ్లగొట్టాలా? ఏ చట్టం ప్రకారం? వెళ్లగొట్టాలంటే చేయగలిగింది మాంత్రికులే, వాళ్లేమో చేతులు కట్టుకుని కూర్చుంటామని మాట ఇచ్చారు. సభ ఏ నిర్ణయమూ లేకుండా చెదిరిపోయింది. ఆ సభలో అన్నీ విన్న ఒక మాంత్రికుడు ఆ రాత్రే, ఎవరినీ అడగకుండా, ఒంటరిగా కూర్చుని ఆ ఖాతాను తుడిచేశాడు. జూలియన్ డిబెల్ అనే రచయిత ఆ ఏడాది డిసెంబర్‌లో 'విలేజ్ వాయిస్' పత్రికలో ఈ ఉదంతం రాయడంతో బయటి ప్రపంచానికి తెలిసింది.

ఈ గొడవ జరిగినప్పుడు ఊళ్లో లేని హాకన్ తిరిగివచ్చి కొత్త ఏర్పాటు చేశాడు. ఎవరైనా పిటిషన్ పెట్టవచ్చు, తగినన్ని సంతకాలు పడితే అది ఓటుకు వెళ్తుంది, గెలిస్తే మాంత్రికులు అమలు చేసి తీరాలి. దీంతో కొన్నాళ్లు బండి నడిచింది. వాదనలూ ఓట్లూ మళ్లీ వాదనలూ. ఈ లోపల ఒక విషయం బయటపడుతూ వచ్చింది. ఒక్కొక్కరికీ ఎంత డిస్కు స్థలం ఇవ్వాలన్నది యంత్రం సంగతా, మనుషుల సంగతా? ఒకే మనిషి రెండు ఖాతాలు నడుపుతున్నాడా అని లోపలి రికార్డులు తీసి చూడటం? ప్రోగ్రామ్‌లో ఒక లోపం సరిదిద్దితే దాని మీద బతుకుతున్న నలుగురి వస్తువులు చెడిపోతాయి, అప్పుడో? 1996 మేలో మాంత్రికులు మరో ప్రకటన విడుదల చేశారు. సాంకేతికాన్నీ సామాజికాన్నీ విడదీయడం తమవల్ల కాలేదని, ఇకనుంచి అవసరమైన చోట తామే నిర్ణయాలు తీసుకుంటామని ఒప్పుకున్నారు.

నా దృష్టిలో గేమ్ మాస్టర్ల చరిత్ర మొత్తంలో ఇదే కీలకమైన ప్రయోగం. ప్రభుత్వాలను గురించి రాజనీతి శాస్త్రజ్ఞులు శతాబ్దాలుగా వాదించుకుంటున్న ప్రశ్న ఇక్కడ మూడున్నరేళ్లలో, పూర్తి రికార్డులతో సహా జవాబు తెచ్చుకుంది. స్విచ్చి ఎవరి చేతిలో ఉంటుందో, దాన్ని వేయకపోవడం కూడా వాడి నిర్ణయమే అవుతుంది.

లాగ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

బొమ్మల ఆటల యుగానికి వచ్చేముందు యంత్రం సంగతి కొంచెం చూడాలి. ఆన్‌లైన్ ఆటలో మన కంప్యూటర్‌లో ఉండేది తలుపు మాత్రమే. దాన్ని క్లయింట్ అంటారు. అసలు లోకం కంపెనీ దగ్గరి సర్వర్‌లో ఉంటుంది. 'ముందుకు నడిచాను', 'కత్తి విసిరాను' అని క్లయింట్ విన్నవించుకుంటుంది. అది కుదురుతుందో లేదో సర్వర్ తేలుస్తుంది. క్లయింట్ ఆటగాడి చేతిలో ఉంది కాబట్టి దాన్ని నమ్మకూడదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. సర్వర్ తాను తేల్చిన ముఖ్యమైన ప్రతిదాన్నీ లాగ్‌లో రాసుకుంటుంది: ఏ ఖాతా, ఏ పాత్ర, ఎన్ని గంటలకు, ఏ వస్తువును, ఎవరికి ఇచ్చింది.

ఆటగాడికి సమస్య వస్తే టికెట్, అంటే ఫిర్యాదు, పెడతాడు. గేమ్ మాస్టర్, వాడుకలో జీఎం, వరసలో వచ్చిన ఆ టికెట్ తెరిచి మొదట చూసేది లాగ్‌నే. గోడలో ఇరుక్కుపోయిన పాత్రను బయటికి లాగడం, పొరపాటున అమ్మేసిన కవచం తిరిగి ఇవ్వడం, బూతు పేరు పెట్టుకున్నవాడి పేరు మార్పించడం, ఎవరో ఖాతా దొంగిలించి ఖాళీ చేస్తే పాత స్థితికి తేవడం రోజువారీ పనులు. మనిషి లేకుండా ప్రోగ్రామే ఆడుతోందన్న అనుమానం వస్తే పక్కకు వెళ్లి ఒక పలకరింపు పడేసి జవాబు వస్తుందేమో చూస్తారు. ఇందులో నాటకీయత తక్కువ, గుమాస్తాగిరీ ఎక్కువ.

లాగ్‌లో దొరకనిది మనసులోని ఉద్దేశం. ఒక గిల్డులో, అంటే కలిసి ఆడే ఆటగాళ్ల సంఘంలో, నమ్మకంగా తిరిగినవాడు ఒకరోజు ఉమ్మడి ఖజానా అంతా ఊడ్చుకుని వెళ్లిపోయాడనుకుందాం. లాగ్‌లో ఉండేది ఒకటే వాక్యం: అనుమతి ఉన్న సభ్యుడు వస్తువులు తీసుకున్నాడు. నియమభంగం ఎక్కడా లేదు. ఇది దొంగతనమా కాదా? 'ఈవ్ ఆన్‌లైన్' అనే అంతరిక్ష ఆటలో జవాబు సూటిగా ఉంటుంది: మోసం ఆటలో భాగమే, నమ్మడం నీ తప్పు. అక్కడ జీఎంలు కల్పించుకోరు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో మాత్రం మాటిచ్చి చేసే కొన్ని రకాల మోసాలు శిక్షార్హం. రెండు చోట్లా సర్వర్ చేసిన పని ఒకటే, తీర్పులు మాత్రం ఎదురెదురు. ఆ తేడా కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు. అది ఏ లోకంలో ఎలాంటి బతుకు బతకాలని అక్కడివాళ్లు ఒప్పుకున్నారన్న దాంట్లో ఉంది.

1999 మార్చిలో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్' లోనైతే పేచీలు రాక్షసుల మీద. మంచి వస్తువు రాల్చే రాక్షసుడు గంటలకొకసారి పుడతాడు. అక్కడ రెండు జట్లు కాపు కాస్తాయి. ఎక్కువ దెబ్బలు కొట్టిన జట్టుకే సొత్తు అని యంత్రం నియమం. అలాగైతే పొద్దుటినుంచి కాచుకున్నవాళ్లను కాదని, ఆఖరి నిమిషంలో వచ్చిన బలవంతులు ఎత్తుకుపోతారు. దాంతో కంపెనీ కలిసిమెలిసి ఆడుకునే నియమావళి ఒకటి రాసి, పంచుకోండి, వంతులు వేసుకోండి అని చెప్పే బాధ్యత జీఎంలకు అప్పగించింది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు అర్ధరాత్రి ఒక కప్పరాక్షసుడి వంతు ఎవరిదో వాదించుకుంటుంటే మధ్యవర్తిత్వం నెరపడం నవ్వులాటగా కనిపించవచ్చు. కానీ ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు 2001లో ఆ ఆటలోని వస్తువులు బయట వేలంలో ఎంతకు పోతున్నాయో లెక్కగట్టి చూస్తే, ఆ కల్పితలోకపు తలసరి ఉత్పత్తి 2,266 డాలర్లని తేలింది. రష్యా, బల్గేరియాల మధ్య నిలిచే అంకె అది.

జీఎంలూ తప్పులు చేస్తారు. అదే ఆటలో చంపడానికి వీల్లేనంత బలంగా రూపొందించిన కెరాఫిర్మ్ అనే డ్రాగన్‌ మీదికి, 2003 నవంబర్‌లో ఒక సర్వర్‌లో మూడు గిల్డుల నుంచి 180 మందికి పైగా కలిసి వెళ్లారు. చస్తూ బతుకుతూ సుమారు మూడు గంటలు పోరాడారు. డ్రాగన్ ప్రాణం నాలుగో వంతు మిగిలి ఉండగా అది ఉన్నట్టుండి మాయమైంది. ఎక్కడో లోపం వచ్చిందనుకుని కంపెనీ మనుషులే తీసేశారు. ఆటగాళ్లు భగ్గుమన్నారు. కంపెనీ క్షమాపణ చెప్పి మళ్లీ అవకాశం ఇచ్చింది. ఈసారి చంపేశారు. ఇక 2009లో వార్‌క్రాఫ్ట్ జీఎం ఒకరు, దొంగలపాలైన ఖాతాలో వస్తువులు తిరిగి పెడుతూ, సిబ్బంది పరీక్షల కోసం చేసుకున్న 'మార్టిన్ ఫ్యూరీ' అనే చొక్కాను కూడా అందులో పడేశారు. ముప్పై గజాల లోపలి శత్రువులందరినీ ఒక్క దెబ్బతో చంపే చొక్కా! దానితో ఆ గిల్డు పెద్ద పెద్ద రాక్షసులను వరసపెట్టి కూల్చేసింది. తరవాత ఖాతా పోయింది ఆటగాడిదే. పొరపాటున చేతికి వచ్చినదాన్ని వాడితే తప్పా అన్న వాదన చాలాకాలం నడిచింది. నన్నడిగితే హ్యాబిటాట్ వాళ్ల బేరమే మెరుగు.

ఎర్ర అంగీ, నీలి అంగీ

1997 సెప్టెంబర్‌లో విడుదలైన 'అల్టిమా ఆన్‌లైన్'లో జీఎంలు ఎర్ర అంగీలతో కనిపించేవారు. వాళ్ల కింద నీలి అంగీల కౌన్సెలర్లు. వీళ్లు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు, ఆటను ప్రేమించి వచ్చినవాళ్లు. కొత్తవాళ్లకు దారి చూపడం, చిన్న టికెట్లు తేల్చడం వీళ్ల పని. ఎవర్‌క్వెస్ట్‌కూ ఇలాగే గైడ్లు ఉండేవారు. ఎందుకంటే లెక్క కుదరలేదు. బల్ల చుట్టూ ఐదారుగురికి ఒక మాస్టర్ చాలు. అదే నిష్పత్తిలో లక్షమంది చందాదారులకు తీర్పరులను జీతాలిచ్చి పెట్టుకోవాలంటే ఏ కంపెనీ అయినా దివాలా తీస్తుంది. ప్రోగ్రామ్‌ను ఎన్ని ప్రతులైనా తీయవచ్చు, విచక్షణకు ప్రతులు తీయడం కుదరదు.

ఆ కొరతను అభిమానంతో పూడ్చుకున్నారు. కానీ వేళలు చెప్పి, శిక్షణ ఇచ్చి, నివేదికలు అడిగి చేయించుకునే పని ఉద్యోగం కాక మరేమిటి? అమెరికా ఆన్‌లైన్ సంస్థలో చాట్ గదులు నడిపిన స్వచ్ఛంద కార్యకర్తలు 1999లో వేతనాల కోసం కోర్టుకెక్కారు. అల్టిమా కౌన్సెలర్లు 2000లో అదే దారి పట్టారు. అమెరికా ఆన్‌లైన్ 2010లో కోటిన్నర డాలర్లకు రాజీపడింది. ఆలోపలే కంపెనీలు జాగ్రత్తపడి ఇలాంటి ఏర్పాట్లను కుదించుకున్నాయి. ఆటలోని పెద్దమనిషి పాత్ర అలా వినియోగదారుల సేవా విభాగానికి, షిఫ్టులకు, రోజుకిన్ని టికెట్లన్న కొలమానానికి మారింది.

దేవుడి వేషంలో ఉన్నవాడికీ యంత్రం దగ్గర ప్రత్యేక మర్యాదలేమీ ఉండవని అల్టిమా విడుదలకు ముందే తెలిసింది. 1997 ఆగస్టు 9న పరీక్షా దశలో, సృష్టికర్త రిచర్డ్ గారియట్ లార్డ్ బ్రిటిష్ అనే రాజు వేషంలో జనానికి దర్శనమిచ్చాడు. అంతకుముందు సర్వర్ కూలి మళ్లీ లేచింది. చావు లేకుండా చేసే గుర్తును తిరిగి పెట్టుకోవడం ఆయన మరిచిపోయాడు. గుంపులోంచి రెయిన్జ్ అనే ఆటగాడు నిప్పుల మంత్రం విసిరాడు. రాజు కుప్పకూలాడు. ఉక్రోషం పట్టలేని సిబ్బంది రాక్షసులను పుట్టించి, అక్కడున్న అమాయకులను కూడా కలిపి కాల్చారు. పాలనాదక్షతకు అదేమంత మంచి ఉదాహరణ కాదు.

ఇంతకంటే పాడుపని 2007లో ఈవ్ ఆన్‌లైన్‌లో బయటపడింది. ఆటను తయారుచేసే ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ ఉద్యోగి ఒకరు మామూలు ఆటగాడిగా ఒక పెద్ద కూటమిలో చేరి, ఎవరికీ అంత తేలిగ్గా దొరకని అరుదైన నమూనా పత్రాలను తమవాళ్లకు అందించాడు. గల్లీ క్రికెట్‌లో బ్యాటు తెచ్చినవాడే అంపైర్‌గా నిలబడితే ఏమవుతుందో మనకు తెలిసిందే. కాకపోతే ఇక్కడ మైదానంలో వేలమంది, వాళ్లు నెలనెలా డబ్బు కడుతున్నారు. దాంతో సీసీపీ తన ఉద్యోగుల మీదే నిఘాకు ఒక అంతర్గత విభాగం పెట్టింది. 2008లో ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకునే ఒక మండలిని ఏర్పరిచింది. ఆ మండలికి తీర్పు చెప్పే అధికారం లేదు, అడిగే హక్కు ఉంది. లాంబ్డామూలో జనానికి ఇవ్వజూపినంత కాదు గానీ, ఇది మాత్రం నిలబడింది.

అంటు

తీర్పరి చెయ్యి చాలని సందర్భమూ ఉంది. 2005 సెప్టెంబర్ 13న వార్‌క్రాఫ్ట్‌లో హక్కర్ అనే కొత్త రాక్షసుణ్ణి ప్రవేశపెట్టారు. వాడు 'కరప్టెడ్ బ్లడ్' అనే అంటుశాపం పెడతాడు. దగ్గర నిలబడ్డవాళ్లకు సోకి ప్రాణం తోడేస్తుంది. అది ఆ ఒక్క గుడి లోపలే ఉండిపోవాలి. కానీ ఆటగాళ్ల పెంపుడు జంతువులకు సోకినది, వాటిని లోపలికి పంపేసి మళ్లీ పిలిచేదాకా అలాగే నిలిచిపోయేది. అలా ఊళ్లలోకి వచ్చింది. దుకాణదారుల వంటి యంత్రపాత్రలు చావకుండా అంటును మోస్తూ ఉండిపోయాయి. నగరాల వీధులు ఎముకల గుట్టలయ్యాయి. ఊళ్లకు దూరంగా ఉండండని కంపెనీ చెప్పింది, వేరుగా ఉంచే ప్రయత్నం చేసింది. జనం వినలేదు. కొందరు వైద్యం చేస్తామని ఎదురెళ్లారు, కొందరు ఏం జరుగుతోందో చూద్దామని వెళ్లారు, కొందరు కావాలనే అంటించారు. చివరికి సర్వర్లను రీసెట్ చేసి, కోడ్ మార్చాల్సి వచ్చింది.

2007లో రాన్ బాలిసర్ ఒక పత్రికలో, ఎరిక్ లోఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ 'లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్'లో ఈ ఉదంతం మీద పరిశోధనా వ్యాసాలు రాశారు. అంటురోగాల గణిత నమూనాల్లో మనుషులు లెక్క తప్పకుండా ప్రవర్తిస్తారు. ఇక్కడ కుతూహలంతో రోగానికి ఎదురెళ్లినవాళ్లు కనిపించారు, అది నమూనాల్లో లేదు. మనకు 2020లో మహమ్మారి వచ్చినప్పుడు ఆ సంగతి వేరే రకంగా తెలిసింది. గేమ్ మాస్టర్ల వైపు నుంచి చూస్తే ఇక్కడి తేడా వేరు. ఒకడి తప్పును తేల్చడానికి టికెట్ పద్ధతి సరిపోతుంది. వేలమంది ఏకకాలంలో చేసే పని ముందు అది పనిచేయదు. అప్పుడు మిగిలేది ప్రకృతి నియమాన్నే మార్చడం. బయటి ప్రపంచపు ఆరోగ్యశాఖలకు లేని సదుపాయం అది.

ఇప్పుడు

2010 అక్టోబర్‌లో వార్‌క్రాఫ్ట్ చందాదారులు కోటీ ఇరవై లక్షలు దాటారని కంపెనీ ప్రకటించింది. 2012 ఫిబ్రవరిలో అదే కంపెనీ 600 మందిని తీసేస్తూ, వాళ్లలో 90 శాతం ఆట తయారీతో సంబంధం లేని విభాగాలవాళ్లని చెప్పింది. ఆ దశకంలోనే పోయిన వస్తువును ఆటగాడే స్వయంగా తిరిగి తెచ్చుకునే వెబ్ పనిముట్లు వచ్చాయి. పాత జీఎంలు గంటలు పెట్టిన పని ఇప్పుడు మూడు క్లిక్కులు. దీనికి బాధపడాల్సిందేమీ లేదు, అది లెక్క పని, యంత్రానికే తగినది.

విచక్షణను కూడా అలాగే విడగొట్టి పంచగలమా అని 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' 2011లో చూసింది. అది పాత్రధారణ ఆట కాకపోయినా సమస్య అదే. ఫిర్యాదులు వచ్చినవాళ్ల చాట్ రికార్డులను ఆటగాళ్ల ముందే పెట్టి, శిక్షించాలా క్షమించాలా అని ఓటు వేయించింది. 2014లో ఆ ట్రిబ్యునల్‌ను మూసేసి యంత్రవిధానం వైపు మళ్లింది. మాటల్లోని విషాన్ని పసిగట్టే ప్రోగ్రాములు ఇప్పుడు చాలా పెద్ద ఆటల్లో ఉన్నాయి. బూతు పట్టుకోవడంలో అవి గట్టివే. స్నేహితులిద్దరు సరదాకు తిట్టుకోవడానికీ, ఒకడు మరొకణ్ణి తరిమి తరిమి తిట్టడానికీ మాటలు ఒకటే అయినప్పుడు తడబడతాయి. ఆ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగైతే సరేసరి.

జపాన్ ఆట 'ఫైనల్ ఫాంటసీ 14' మాత్రం పాత పద్ధతిని కొంత అట్టేపెట్టుకుంది. జీఎం మాట్లాడాలనుకుంటే ఆటగాడి పాత్రను ఉన్నచోటినుంచి లేపి మోర్డియన్ జైల్ అనే చెరసాలలో దింపుతాడు. ఆరోపణ ఏమిటో అక్కడ చెప్పి సంజాయిషీ అడుగుతాడు. చిన్న తప్పైతే మందలింపుతో వదిలేస్తాడు.

చట్టాలు కూడా ఈ దారిలోకే వస్తున్నాయి. యూరప్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన డిజిటల్ సేవల చట్టం, ఆన్‌లైన్ వేదికలు ఎవరి ఖాతానైనా ఆపితే కారణం రాసివ్వాలంటుంది. అప్పీలును కేవలం యంత్రంతో తేల్చకూడదని, అర్హత ఉన్న సిబ్బంది చూడాలని కూడా అంటుంది. మన దగ్గర 2021 నాటి ఐటీ నిబంధనలు మధ్యవర్తి సంస్థలకు ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలన్నాయి. ఆయన పేరు, సంప్రదించే తీరు సైటులో కనబడాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి. ఖాతా పోగొట్టుకున్న విజయవాడ కుర్రాడైనా, వరంగల్ అమ్మాయైనా ఆ పేరు వెతికి రాయవచ్చు. రాసేటప్పుడు ఏ సర్వర్, ఏ పాత్ర, ఎన్ని గంటలకు అన్నవి ముందు పెట్టి, ఎందుకలా చేశారో తరవాత చెప్పడం మంచిది. మొదటి మూడూ అవతలి మనిషి లాగ్‌లో సరిచూసుకోగలడు, నాలుగోదానికి మీ మాటే ఆధారం.